కాఫీ మరకలు లేని ఎనిమిది ఫారాలు

1980 వేసవి. డల్లస్‌కి ఉత్తరాన ఉన్న ప్లేనో అప్పటికింకా పూర్తిగా పట్నం కాలేదు. రోడ్డుకి ఒక పక్క చేలు, ఇంకో పక్క కొత్తగా కట్టిన ఇళ్ళు. ఆ ఇళ్ళలోకి ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో పనిచేసే మన ఇంజినీర్లు ఒక్కొక్కరే చేరుతున్నారు. నేను అక్కడికి గంట దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తూ, మా ప్రొఫెసర్ దగ్గర ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా పనిచేసేవాణ్ణి. ఆ ఏడు ఎండలకి మధ్యాహ్నం పూట కారు స్టీరింగ్ పట్టుకుంటే అరచేతులు చుర్రుమనేవి.

సోషియాలజిస్టునని చెబితే మనవాళ్ళు ఇప్పటికీ "అంటే సోషల్ వర్కా అండీ?" అని అడుగుతారు. కాదు. సిద్ధాంతాలు, పుస్తకాలు అన్నీ తర్వాతి మాట. ముందు మనుషుల దగ్గరికి వెళ్ళి ప్రశ్నలడగాలి, జవాబులు రాసుకోవాలి, ఆ జవాబులు నిజంగా ఆ మనిషే చెప్పిందా అని చూసుకోవాలి. ఈ చివరి పనిని మా వాడుకలో వాలిడేషన్ అంటారు. ఇంటర్వ్యూ అయిన కొన్నాళ్ళకి రెస్పాండెంట్‌కి, అంటే జవాబులిచ్చిన మనిషికి, ఫోన్ చేసి ఫలానావారు వచ్చారా, ఫలానా ప్రశ్నలు అడిగారా అని కనుక్కోవడం. ఆ పని నాది.

నాకంటే ఆ పనికి తగినవాడు దొరకడు. మాది అనుమానపు వంశం. మా అమ్మ పాలు పోయించుకునే ముందు చెంబులో వేలు ముంచి చూసేది. మా నాన్న రైలు టిక్కెట్టు కొన్నాక దాని మీద ఊరి పేరు మూడుసార్లు చదివేవాడు. అనుమానం పెనుభూతం అన్నారు గానీ, ఆ భూతానికి నెల నెలా జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందని అమెరికా వచ్చాకే తెలిసింది నాకు.

మా ప్రొఫెసర్ పేరు ప్రూయిట్. యాభై దాటిన మనిషి, టెక్సస్‌లోనే పుట్టి పెరిగింది, మాట నెమ్మది, చూపు చురుకు. ఇరవై ఏళ్ళుగా వలస వచ్చిన కుటుంబాల మీద పరిశోధన చేస్తోంది. ఆ ఏడు ఆమె తలకెత్తుకున్న ప్రశ్న ఒకటే: భర్త ఉద్యోగం మీద ఈ దేశానికి వచ్చిన ఆడవాళ్ళు కష్టం వస్తే ఎవరితో చెప్పుకుంటారు? దాని కోసం నాలుగు దేశాల కుటుంబాలని ఎంచుకుంది. తెలుగు కుటుంబాల భాగానికి భాష వచ్చినవాడు కావాలని నన్ను పెట్టుకుంది. "అనుమానం మనకి సబ్బులాంటిది మూర్తీ, రోజూ వాడాలి" అనేది. ఆ మాట నాకు తెగ నచ్చేది.

తెలుగు ఇళ్ళకి వెళ్ళి ఇంటర్వ్యూలు చేయడానికి ముగ్గురు ఆడవాళ్ళని తీసుకున్నాం. వాళ్ళలో ఎస్తేరు గారు ఒకరు. నలభై ఐదేళ్ళుంటాయి. నరసాపురంలో మిషన్ స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పి వచ్చారు. ఆవిడ భర్త డల్లస్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవారు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అడిగి తీసుకుని అక్కడ తెలుగులో ఆరాధన జరిపించేవారు దంపతులిద్దరూ. ఆవిడకో పాత స్టేషన్ వేగన్ ఉండేది, పడవంత కారు. ఆ చుట్టుపక్కల మన ఆడవాళ్ళలో డ్రైవింగ్ వచ్చినావిడ అప్పటికి ఈవిడొక్కరే. మిగతా ఇద్దరినీ వాళ్ళ భర్తలు దింపేవారు.

ట్రైనింగ్ రోజున నేను ముగ్గురికీ గంభీరంగా ఒక ఉపన్యాసం ఇచ్చాను. రెస్పాండెంట్ చెప్పినది ప్రాణం మీదికి వచ్చినా బయటపెట్టకూడదు. ఆ మనిషి ఇంటర్వ్యూ ఇచ్చిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియకూడదు. ఇంటర్వ్యూ ఆమె ఇంట్లోనే జరగాలి, ఇంకెవరూ వినకుండా జరగాలి. ఎస్తేరు గారు నోట్సు రాసుకుని, చెయ్యెత్తి అడిగారు.

"ఇంట్లో ఇంకొకరు వినకుండా అంటే ఎల్లాగండి? మన ఇళ్ళల్లో అలాంటి చోటెక్కడుంటాదండి?"

"మీరే ఏదో చూసుకోవాలండి" అన్నాను. తర్వాత వాలిడేషన్ గురించి చెబుతూ, ఎవరైనా ఇంటికి వెళ్ళకుండా ఫారాలు నింపేస్తే ఫోన్లలో దొరికిపోతారని హెచ్చరించాను. ఇలా దొంగగా నింపడాన్ని మా వృత్తిలో కర్బ్‌స్టోనింగ్ అంటారు. రోడ్డు పక్క గట్టు రాయి మీద కూర్చుని జవాబులు తామే రాసేసుకోవడమన్నమాట. నేనది చెబుతుంటే ఎస్తేరు గారు చేతిసంచీ సర్దుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అనిపించింది నాకు. ఎండకి చెమట పట్టి చేతిరుమాలు వెతుక్కుంటున్నారేమో అన్న ఆలోచన రాలేదు.

ఆగస్టులో ఫారాలు రావడం మొదలైంది. మిగతా ఇద్దరు తెచ్చినవి ఏ ఇంటి నుంచి వచ్చాయో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. మన ఇంటికి వచ్చిన ఆడమనిషిని కాఫీ ఇవ్వకుండా పంపరు కదా. ప్రతి ఫారం మీదా ఒక గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చు పడి ఉండేది. కొన్నిటికి నూనె మరకలు, ఒకదానికి ఏకంగా పసుపు వేలిముద్ర. పోపు వాసన ఆఫీసంతా కొట్టేది. ప్రూయిట్ ఒకసారి ఫారం ఎత్తి వాసన చూసి, "డేటా ఆకలి పుట్టిస్తోంది" అంది.

ఎస్తేరు గారు తెచ్చిన ఎనిమిది ఫారాలకి ఒక్క మరక లేదు. వాసన లేదు. ఎనిమిదీ శనివారాల్లోనే జరిగినట్టు రాసి ఉంది. అక్కడక్కడ కలం కాయితంలోకి గుచ్చుకుని చిల్లు పడింది, సమంగా లేని దేని మీదో పెట్టి గబగబా రాసినట్టు. బల్ల ఉన్న ఇంట్లో ఎవరైనా అలా రాస్తారా? నాకు ఒళ్ళంతా కళ్ళయ్యాయి.

ఆ ఫారాలు ఇంటికి తీసుకుపోయి ముప్పై ఒకటో ప్రశ్న చూశాను. ఆ పరిశోధనకి గుండెకాయ ఆ ప్రశ్నే. "మీకు పెద్ద కష్టం వస్తే, ఇంట్లోవాళ్ళు కాకుండా, మొదట ఎవరికి చెప్పుకుంటారు?" మిగతా తెలుగు ఫారాల్లో దాదాపు అన్నిట్లో "ఎవరూ లేరు" అని ఉంది. ఎస్తేరు గారి ఎనిమిదింటిలో ఏడు చోట్ల ఒకే పేరు. ఎస్తేరు గారు. ఎనిమిదో ఫారంలో, "చెప్పుకోవాలంటే ఎస్తేరు గారికే, కానీ చెప్పను" అని ఉంది.

దొంగ తన పేరు తనే రాసుకుంటాడా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఆ అనుమానం మీద ఇంకాస్త నిలబడి ఉంటే నాకీ కథ రాసే పని ఉండేది కాదు. కానీ అప్పుడు నా మనసులో ఇంకోటి తిరుగుతోంది, సిగ్గుగా ఉన్నా చెబుతాను. ఈవిడ చర్చి మనిషి, ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళని పోగేస్తోందేమో, మా పరిశోధనని అందుకు వాడుకుంటోందేమో అనుకున్నాను. ఆ అనుమానానికి ఆధారం గోరంత కూడా లేదు. నేను పెరిగిన వీధిలో ఆ మాటలు విని పెరిగాను, అంతే.

మామూలుగా వాలిడేషన్‌లో పది ఫారాలకి ఒక ఫోన్ చేస్తాం. నేను ఎనిమిదిమందికీ చేశాను. నియమం ప్రకారం మనుషులు ఇంట్లో ఉండే వేళకి, అంటే సాయంత్రం ఆరున్నర తర్వాత చేశాను. తెలుగువాళ్ళు కదా అని తెలుగులో మాట్లాడాను. ఇవన్నీ చాలా పద్ధతిగా చేశాను. ఆ వేళకి ఇంట్లో ఉండేది భర్త. ఫోన్ ఎత్తేది భర్త. ఎవరో తెలియని తెలుగు మగవాడు పేరు పెట్టి ఆయన భార్యని పిలవమంటాడు.

"ఎవరండీ మీరు? ఆవిడతో మీకేం పని?" అన్నాడు మొదటి ఇంటాయన.

"యూనివర్సిటీ నుంచండి. ఎస్తేరు గారు మీ ఇంటికి వచ్చి ఏమైనా ప్రశ్నలు అడిగారేమో కనుక్కుందామని."

"మా ఇంటికి ఎవరూ రాలేదండి. మావాళ్ళు అలాంటివాటికి ఒప్పుకోరు."

ఇద్దరు భర్తలు ఇలా తామే కాదనేసి, ఫోన్ ఇవ్వనే లేదు. మిగతా ఆరుగురు ఆడవాళ్ళు మాట్లాడారు. ఆరుగురూ ఎవరూ రాలేదన్నారు. ఒకామె చాలాసేపు మౌనంగా ఉండి, "లేదండి, ఎవరు రాలేదు, ఎవరు అడగలేదు" అని పెట్టేసింది. నేను లాగ్‌లో, అంటే ఫోన్ల వివరాలు రాసే పుస్తకంలో, ఆమె పేరు ఎదురుగా ఇలా రాశాను: "జవాబుకి ముందు తటపటాయించింది. వెనక మగ గొంతు." తటపటాయింపు కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఎస్తేరు గారు చెప్పిన అబద్ధాన్ని కాపాడాలా వద్దా అని ఆలోచించి, చివరికి నిజం చెప్పిందని నా లెక్క. మగ గొంతు కింద గీత గీయలేదు.

మర్నాడే ఎస్తేరు గారిని ఆఫీసుకి పిలిపించాం. ప్రూయిట్ బల్ల వెనక కూర్చుంది, నేను పక్కన నిలబడి తెలుగులో అడిగి ఇంగ్లీషులో ఆమెకి చెబుతున్నాను. ఎస్తేరు గారు తెల్ల చీర కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఈ ఎనిమిది ఇంటర్వ్యూలు మీరు చేశారా అండీ?"

"చేసేనండి."

"ఫారంలో 'ఇంట్లో' అని టిక్కు పెట్టారు. వాళ్ళ ఇంట్లోనే చేశారా?"

"కాదండి. ఆ టిక్కు తప్పేనండి. అక్కడ ఇంకో గడి లేదు, అందుకని పెట్టేను. అది నా తప్పే."

"మరి ఎక్కడ చేశారు?"

"అది చెప్పకూడదండి."

"మాతో చెప్పొచ్చు. మేం ఆఫీసు."

"ఆఫీసుక్కూడా చెప్పొద్దని వాళ్ళడిగేరండి. సరేనన్నాను. మీరే కదండీ చెప్పేరు, ప్రాణం మీదికొచ్చినా బైటపెట్టొద్దని."

"ఎస్తేరు గారూ, వాళ్ళే మీరు అడగలేదంటున్నారు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు."

అప్పుడు ఆవిడ ముఖంలో రంగు మారింది. దొరికిపోయిన మనిషి ముఖం ఇలాగే ఉంటుందని నేను అనుకున్నాను. "ఎనిమిది ఇళ్ళకీ ఫోన్ చేసేరా?" అన్నారు.

"చేశాను."

"ఎప్పుడండీ?"

"సాయంత్రం."

"నా పేరు చెప్పేరా?"

"చెప్పక ఎలా అడుగుతామండీ?"

ఆవిడ లేచి, బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టి, ప్రూయిట్‌కి ఇంగ్లీషులో "థాంక్యూ మేడమ్" అని చెప్పి వెళ్ళిపోయారు. ప్రూయిట్ కిటికీలోంచి ఆ పెద్ద కారు వెళ్ళేదాకా చూసి, "నాకు ఆవిడ దొంగలా కనిపించడం లేదు" అంది. "కానీ నిర్ధారణ కాని ఫారాన్ని నేను వాడలేను." నేనే ఎనిమిది ఫారాల మీదా 'చెల్లదు' అని ముద్ర కొట్టి అట్టపెట్టెలో పెట్టాను. ఆ మధ్యాహ్నం నాకు కడుపు నిండా అన్నం తిన్నంత తృప్తిగా ఉంది.

వార్త ఊళ్ళో ఎలా పాకిందో నేను చెప్పలేను. నేనైతే ఒక పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందులో, "ఆవిడని తీసేశారట కదా" అని ఎవరో అడిగితే, కాదనలేదు. ఎస్తేరమ్మ దొంగ రాతలు రాసి యూనివర్సిటీని మోసం చేసిందన్న మాట నెల తిరిగేసరికి నాకే ఇంకొకరు చెప్పారు.

1983లో ప్రూయిట్ వ్యాసం అచ్చయింది. దాంతో ఆమె పేరు ఆ రంగంలో ఒక మెట్టు పైకి వెళ్ళింది. మా వృత్తిలో ఒక పరిశోధన బరువు ఎంతో తెలియాలంటే దాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో ఉదహరించారో చూస్తారు. సైటేషన్లు అంటారు వాటిని. ఆ వ్యాసానికి అవి కుప్పలుగా వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అందులో అందరూ ఎత్తి రాసే వాక్యం తెలుగు కుటుంబాల గురించే: ఈ ఆడవాళ్ళకి ఇంటి బయట మనసు విప్పి చెప్పుకోవడానికి దాదాపు ఎవరూ లేరు. వ్యాసం చివర కృతజ్ఞతల్లో నా పేరుంది, "డేటా విషయంలో చూపిన అప్రమత్తతకు" అని. ఆ పేజీ చూపించే నాకు ఒక కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది.

1987లో ఆ కాలేజీలో శనివారం ఉదయం క్లాసులో ఆ వ్యాసమే చదివించాను. క్లాసులో ఒకే ఒక్క తెలుగు మనిషి. పేరు సుజాత, ముప్పై ఏళ్ళుంటాయి, కరీంనగర్ వైపు మనిషి. ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని నన్నే చూస్తుండేది. పాఠం వినే చూపు కాదు అది. మనిషిని కొలిచే చూపు. రెండు వారాలుగా నాకు అదోలా ఉంది, ఈమెకి నాతో ఏం పేచీ అని. ఆ రోజు అందరూ వెళ్ళాక వ్యాసం చేత్తో పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇది తప్పు సార్" అంది.

"ఏది?"

"మాకు ఎవరూ లేరని రాసిండ్రు గద. నాకు ఉండె. నన్ను అడిగిండ్రు, నేను పేరు గూడ చెప్పిన."

సర్దుతున్న కాయితాలు బల్ల మీదే వదిలేశాను. "నిన్ను ఎవరడిగారమ్మా?"

"మీకెరుక లేదా సార్? ఫోన్ చేసింది మీరే గద. మొదటి రోజు క్లాసులనే మీ గొంతు గుర్తుపట్టిన. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటే, మీరు ఎసోంటి మనిషో ఎరుక కాలె."

కుర్చీలో కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఎస్తేరు గారు శనివారాలు ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ సరుకులకి తన కారులో తీసుకెళ్ళేవారు. భర్తలు దానికి అభ్యంతరపెట్టేవారు కాదు, తమకి పని తగ్గుతుంది కనక. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కారు ఆపి, ఏసీ నడుస్తుండగా, ఫారం స్టీరింగ్ మీద పెట్టుకుని ఎస్తేరు గారు అడిగేవారు. ఇంటికొస్తే అత్తగారో, ఆడపడుచో, గది లోపలే భర్తో. ఆ ఊళ్ళో వినేవాళ్ళు లేని చోటు ఆ కారొక్కటే.

చిల్లులు పడ్డ కాయితాలు నా కళ్ళ ముందు కదిలాయి. స్టీరింగ్ మీద పెట్టి రాస్తే అలాగే పడతాయి. కారులో కాఫీ ఎవరిస్తారు? మేం పెట్టిన రెండు నియమాల్లో ఒకటి పాటిస్తే రెండోది కుదరని ఇళ్ళవి. ఎవరూ వినకూడదన్నది ముఖ్యమని ఆవిడ ఎంచుకున్నారు. నిజానికి సరైనదే ఎంచుకున్నారు.

"మరి నేను ఫోన్ చేసినప్పుడు ఎవరూ రాలేదన్నావు కదమ్మా" అన్నాను. అప్పటికీ నా గొంతులో నిలదీస్తున్న ధోరణి పోలేదు.

"మా ఆయన పక్కనే నిలబడ్డడు సార్. నేనేం చెప్పాలె?"

నేను ఆమె చేతిలోని వ్యాసం వైపు చూశాను.

"మీరు ఫోన్ పెట్టేసినంక అడిగిండు. ఎస్తేరు ఎవరు, ఏం ప్రశ్నలు, నువ్వేం చెప్పినవ్ అని. నేను ఏం చెప్పలేదన్న. నమ్మలె. తెల్లారి నుంచి ఆమె కారు ఎక్కనియ్యలె. ఇంకో నలుగురి ఇండ్లల్ల గూడ గంతే అయింది. రెండేండ్లు నేను ఇంట్లకెళ్ళి కదలలే సార్. అప్పుడు మస్తు కష్టంల ఉన్న. చెప్పుకునేటందుకు ఎవరు లేకుండె." చేతిలో ఉన్న వ్యాసం నా బల్ల మీద పెట్టింది. "మీరు రాసింది గప్పుడు నిజమైంది."

ఇన్నేళ్ళలో నా పని గురించి నేను విన్న అతి కఠినమైన మాట అది. కోపంగా అనలేదు. పాఠంలో సందేహం అడిగినట్టు అంది. ఆమె ఇప్పుడు కూతురితో వేరుగా ఉంటోందని, డ్రైవింగ్ నేర్చుకుందని, ఉద్యోగం చేసుకుంటూ చదువుతోందని ఆ తర్వాత చెప్పింది. ఆమె వెళ్ళాక నేను చాలాసేపు ఆ గదిలోనే ఉండిపోయాను. ఏడుపొచ్చింది. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

సోమవారం ప్రూయిట్ దగ్గరికి వెళ్ళాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదిస్తుందనుకున్నాను. ఆ వ్యాసం మీదే కదా ఆమె పేరు నిలబడింది. ఆమె మాత్రం అంతా విని, స్టోరు గదిలోంచి అట్టపెట్టె తనే మోసుకొచ్చింది. అందులోని లాగ్ తెరిచి నా ఎర్ర గీత చూసింది, గీత లేని మాటలు చూసింది, నా వంక చూసింది. "ఇద్దరం సబ్బుతో అందరి చేతులూ కడిగాం మూర్తీ, మనవి తప్ప" అంది. "ఆ ఎనిమిదీ నిర్ధారణ అయితే నా వ్యాసం నేనే సరిదిద్దుకుంటాను. అచ్చులో, నా పేరు మీద. తీసుకురా" అంది.

సుజాత తన ఇంటర్వ్యూ గురించి ఎవరికైనా చెప్పవచ్చని ఒక ఉత్తరం రాసి సంతకం చేసి ఇచ్చింది. అది పట్టుకుని ఆ ఆదివారం ఎస్తేరు గారి చర్చి హాలుకి వెళ్ళాను. ఆరాధన అయిపోయింది, జనం వెళ్ళిపోయారు. ఆవిడ మడత కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్నారు. జుట్టు నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రండి మూర్తిగారూ. కులాసానాండీ?"

నేను ఏడేళ్ళ క్రితం చేసింది తప్పని చెప్పాను. క్షమించమని అడిగాను. ఆవిడ పని ఆపకుండానే విన్నారు.

"సుజాత తనే చెప్పిందాండీ మీకు?"

"తనే చెప్పింది. ఇదిగో, రాసి కూడా ఇచ్చింది."

కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం రెండుసార్లు చదివారు. మడిచి నాకే ఇచ్చారు. "అయితే ఆ పిల్లని అడిగేనండి. మా కారులో. గంటన్నర పట్టింది. మధ్యలో ఏడిస్తే కలం పక్కన పెట్టేసి కూచున్నాను, మళ్ళీ అడిగేను. రాసుకోండి."

రాసుకున్నాను. "మిగతా ఏడుగురు కూడా..."

"వాళ్ళు చెప్పమన్నారాండీ?"

"లేదు. మీరు ఒక్కమాట చెబితే వ్యాసం సరిదిద్దుతామంటున్నారు. పెద్ద వ్యాసమండి, దేశమంతా చదువుతారు. మీ మీద పడ్డ మచ్చ కూడా పోతుంది."

"నా మచ్చ సంగతి దేవుడికి తెలుసండి. వాళ్ళకి మాటిచ్చేను." కుర్చీ మడుస్తూ, చూపు నా మీదే ఉంచి అడిగారు. "ఈసారి కూడా ఫోన్లు చేస్తారా?"

ఆ చూపులో ఉన్నది నాకు బాగా తెలుసు. అది అనుమానం. ఏడేళ్ళ క్రితం ఆవిడ వైపు నేను చూసిన చూపే. నాది గాల్లోంచి పుట్టింది. ఆవిడది నన్ను చూసి పుట్టింది.

"చెయ్యనండి" అన్నాను.

"అది చాలు. ఆ కుర్చీ ఇలా అందుకోండి."

హాల్లో కుర్చీలన్నీ అయ్యేదాకా అందించాను. ప్రూయిట్ మాట ప్రకారం సవరణ అచ్చు వేయించింది. ఒక ఇంటర్వ్యూ పొరపాటున కొట్టివేశామని, ఇంకా ఏడింటిని చెల్లవనడం అన్యాయమై ఉండవచ్చని, వాటిని నిర్ధారించే హక్కు తమకి లేదని నాలుగు వాక్యాలు. ఒక్క కేసుతో వ్యాసం తేల్చిన మాట మారలేదు. వ్యాసాన్ని ఇప్పటికీ ఎత్తి రాస్తారు, సవరణని ఎవరూ ఎత్తి రాయరు. ప్రూయిట్ పోయాక ఆ అట్టపెట్టె నా దగ్గరికి వచ్చింది. ఏడు ఫారాలు నా ముద్రతో అలాగే ఉన్నాయి. అవి నిజమని నాకు తెలుసు, కానీ ఆ మాట నేను ఎక్కడా రుజువు చేయలేను.

అనుమానం మానుకోమని నేను విద్యార్థులకి చెప్పను. అది లేకపోతే మా వృత్తే లేదు. మనిషి అబద్ధమాడిందా అని అనుమానించే ముందు, ఆమెకి నిజం చెప్పే చోటు ఉందా అని అనుమానించమంటాను. నేను ఇప్పటికీ వాలిడేషన్ ఫోన్లు చేస్తాను. పగటి పూట చేస్తాను, ఎవరి పేరూ ఎత్తను. మొదట అడిగేది ఒకటే: "ఇప్పుడు మాట్లాడటానికి మీకు వీలవుతుందా అండీ?" అవతలి గొంతు తటపటాయిస్తే, తప్పుడు నంబరు తిప్పినట్టు క్షమించమని చెప్పి పెట్టేస్తాను. లాగ్‌లో ఆ పేరు ఎదురుగా ఏమీ రాయను.